తెల్లరాళ్ల వెంట

తెల్లారేసరికి బంజరులో మళ్లీ తెల్లరాళ్లు వెలిశాయి.

సరిహద్దు కంచెకూ ఊరి ఇళ్లకూ మధ్య, ముళ్లకంప పెరిగిన ఆ బంజరులోంచే ఇంటర్నెట్ కేబుల్ వస్తోంది. ఆఖరి ఇల్లు దర్జీ అక్కది. ఆ కేబుల్ కోసం ఆమె కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తోంది. అదొస్తే తను కుట్టిన బట్టల ఫొటోలు పట్నం దుకాణాలకు తనే పంపుకోవచ్చు. దళారి గడ్డం పట్టుకు బతిమాలే పని తప్పుతుంది.

రాళ్లు పెట్టేది ఒక ముసలాయన. ఎవరితోనూ మాట్లాడడు. నేలకు చెవి ఆనిస్తాడు. ఎవరో పడుకుని ఉంటే తొక్కకుండా తప్పుకున్నట్టు పక్కకు జరిగి, రాయి పెడతాడు. తవ్వే మిషను ఆ రాళ్ల వెంటే వంకరలు పోతూ వస్తోంది.

కంపెనీ సర్వేయరు కాబోలనుకుంది ఊరంతా.

ఆ రోజు ఆయన అక్క గుమ్మం ఎదుట ఆగాడు. ఆమెను చూడలేదు. ఆమె పక్కనున్న నేలను చూస్తూ మెల్లగా అరచెయ్యి ఎత్తాడు.

అక్కకు ఒళ్లు జలదరించింది. తిన్నగా కేబుల్ పనివాళ్ల మేస్త్రీ దగ్గరికి పోయింది.

"తమ్ముడూ, మీ ముసలాయన వాలకం నాకు నచ్చలేదు. ఇంకెవర్నన్నా పెట్టుకోరాదూ?"

మేస్త్రీ తెల్లబోయాడు.

"మావాడా? మీ ఊరాయన హద్దులు చూపిస్తున్నాడనుకున్నామక్కా. గొడవెందుకని ఆ రాళ్ల వెంటే తవ్వుతున్నాం."

ఇద్దరూ బంజరు వైపు చూశారు. ఆయన నేలకు చెవి ఆనించి ఉన్నాడు.

కొత్త ముఖం కనిపిస్తే చెక్‌పోస్టులో చెప్పాలని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అక్క చెప్పింది. జవాన్లు వచ్చి తీసుకుపోయారు. ఆయన పెనుగులాడలేదు. ఆమె ఇంటివైపు చెయ్యి చూపిస్తూ, అర్థంకాని భాషలో ఏదో బతిమాలుతూ వెళ్లాడు. పీడ విరగడైందనుకుంది అక్క.

మర్నాడు కొత్త రాళ్లు లేవు. మిషను తిన్నగా అక్క ఇంటివైపు కదిలింది. నాలుగు గజాలు వచ్చిందో లేదో, నేల పేలింది.

డ్రైవరుకు ప్రాణం దక్కింది గానీ చెవులు పోయాయి. మేస్త్రీ సామాను సర్దుకున్నాడు. రాళ్లున్నంత మేర ఇళ్లకు ఇంటర్నెట్ వచ్చింది. అక్క ఇంటి ముందర ఆగిపోయింది.

కొన్నాళ్లకు జవాను వచ్చాడు. కాలిబాట మీంచి పక్కకు అడుగు వేయకుండా నిలబడ్డాడు. పట్నం నుంచి ఆ భాష తెలిసినవాణ్ని పిలిపించి ముసలాయనతో మాట్లాడించారట.

"ఆయన్ని తీసుకురా బాబూ," అంది అక్క. "మిగిలిన రాళ్లు పెట్టమని కాళ్లు పట్టుకుంటాను."

"కంచె దాటించేశారమ్మా. ఇక రానివ్వరు."

అక్క కంచె వైపు చూసింది. నేల లోపల ఏముందో ఆయనకెలా తెలిసిందని అడిగింది.

"వెనకటి యుద్ధంలో అవతలి సైన్యంలో ఉండి, ఈ మందుపాతరలన్నీ తన చేత్తో పాతింది ఆయనేనట."