పతకాల కోటు

“ఏం సార్, ధర్మవరం ఫంక్షన్‌కేనా?” టికెట్ చేతిలో పెడుతూ అడిగాడు కండక్టర్ సుధాకర్.

“ఆ. పదకొండుకంతా ఆడ ఉండల్లప్పా,” అన్నాడు కిటికీ పక్కనున్న పెద్దాయన.

ఎదురు సీట్లో కూర్చున్న అనసూయమ్మ చూపు ఆయన నెత్తి మీద, కడ్డీకి వేలాడుతున్న కోటు మీద పడింది. పల్చటి ప్లాస్టిక్ తొడుగులో మడత నలగకుండా ఉంది. రొమ్ము మీద పతకాల వరుస. కాలరుకు గుచ్చిన చీటీ మీద ఏదో నంబరు. మిలిటరీ నంబరు కాబోలు అనుకుంది.

పక్కనున్న కూతురు అరుణ మోచేత్తో పొడిచింది. “అమ్మా, పేపర్లో వేసిండారు. కల్నల్ బసవరాజు గారికి ఈ పొద్దు మన ఊర్లో సన్మానం. ఆయనే మాదిరుండాడు.”

“ఫోటో చూస్తివా?”

“ఫోటో యుద్ధం నాటిది. అప్పటి మనిషిని ఇప్పుడు యాడ పోల్చేది?”

అరుణకు ఎనిమిదో నెల. హిందూపురం అత్తగారింటి నుంచి పురిటికి తీసుకుపోతోంది అనసూయమ్మ. ఒళ్లో నాలుగు పట్టుచీరల మూట. తన మగ్గం మీద నేసినవే. అంచు రంగు బాగాలేదని హిందూపురం అంగడాయన తిప్పి పంపాడు. ఆ దిగులొకటి, రెండ్రోజులుగా వదలని వాన ఒకటి.

పెనుకొండ దాటేసరికి సుధాకర్ బస్సంతటికీ వినిపించేలా మొదలుపెట్టాడు. “తెలుసునా? మంచుకొండ మీద ఏడుమంది జవాన్లకు గాయాలైతే, పైనుంచి తూటాలు వస్తాంటే కూడా అందర్నీ ఒకే తాడుకు కట్టి దించినాడు కల్నల్ సారు.”

“ఏడుమంది కాదప్పా, తొమ్మిది మంది,” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. “బలమున్నోళ్లు ముందర. దెబ్బ తగిలినోళ్లు నడిమధ్య. ఆఫీసరు చిట్టచివర. భుజంలో తూటా ఉన్నా ఆయన స్థలం అదే.”

తనను తానే ‘ఆయన’ అంటున్నాడు, ఎంత వినయం! ఆయన మణికట్టు మీద పొడుగాటి కాలిన మచ్చ చూసి, యుద్ధంలో కాలిందేమో పాపం అనుకుంది అనసూయమ్మ.

మరో పది నిమిషాలకు రోడ్డు కనబడలేదు. వంక పొంగి అడ్డంగా పారుతోంది. దాటిపోవచ్చులే అనుకున్నాడు డ్రైవరు. సగం దూరం పోయాక ఇంజను ఆగిపోయింది. నీళ్లు రెండో మెట్టెక్కాయి. బస్సు వెనకభాగం మూరెడు పక్కకు జరిగింది. జనం కేకలు వేస్తూ వాకిలి మీద పడ్డారు.

“సార్, మీరే ఏదన్నా చెప్పల్ల,” అన్నాడు సుధాకర్. బస్సులో ముప్పై మందీ పెద్దాయన వైపే తిరిగారు.

“అప్పా, నేను...” అని ఏదో చెప్పబోయాడు ఆయన. బస్సు మళ్లీ కదిలింది. అరుణ కడుపు పట్టుకుని “అమ్మా” అంది. ఆయన ఆ పిల్లను చూశాడు, కోటును చూశాడు, నోట్లో మాట మింగేశాడు. లేచి నిలబడ్డాడు.

“అందరూ కూర్చోండి.”

పెద్ద గొంతేం కాదు. అయినా తోసుకుంటున్నవాళ్లంతా కూర్చున్నారు. చెప్పింది కల్నల్ కదా మరి.

“తాడుందా?”

“లేదు సార్.”

అనసూయమ్మ మూట విప్పింది. ఒక్కో చీరా ఇరవై రోజుల రెక్కల కష్టం. అయినా చీర మళ్లీ నేయొచ్చు. “పట్టు తెగదు సార్. ముళ్లు నేనేస్తా.”

సుధాకర్, ఇద్దరు పడుచువాళ్లు మొదట దిగి, అవతలి గట్టు మీది వేపచెట్టుకు చీరకొస కట్టారు. బలమైన మగవాళ్లు ముందు. ముసలివాళ్లు, పిల్లలు, అరుణ మధ్యలో. నీళ్లు నడుముకు తగిలేసరికి అరుణ కాలు కదపలేకపోయింది.

“నీళ్లు చూడొద్దు తల్లీ. ముందరోళ్ల వీపు చూడు, అంతే,” అన్నాడాయన వెనక బస్సు మెట్టు మీద నుంచి, చీర రెండో కొస పట్టుకుని. ఒక అడుగు, ఇంకో అడుగు. గట్టు చేతికందేసరికి అనసూయమ్మకు ఏడుపొచ్చింది.

అందరూ చేరాక ఆ కొసను నడుముకు చుట్టుకుని ఆయన దిగాడు. ఒక చేత్తో కోటును నెత్తి పైకెత్తి పట్టుకున్నాడు. నడిమధ్యలో కాలు జారి గొంతు దాకా మునిగాడు.

“కోటు వదిలేయండి సార్,” అరిచింది అనసూయమ్మ.

వదల్లేదు. గట్టు మీదున్నవాళ్లంతా లాగితే, ఆ చెయ్యి అట్లాగే పైకెత్తి ఒడ్డున పడ్డాడు. పతకాలంటే ఎంత ప్రాణమో ఈ మనిషికి అనుకుంది. ఆ కాసేపటికే బస్సు పక్కకు ఒరిగి వంకలో పడిపోయింది.

అనసూయమ్మ ఆయన కాళ్లకు వంగబోయింది. ఆయన బెదిరి వెనక్కి జరిగాడు. “వద్దమ్మా. చీరలిచ్చింది నువ్వు, మొక్కాల్సింది నేను.”

ఆయన వేపచెట్టు దగ్గరికి నడిచాడు. ముందు కోటును కొమ్మకు తగిలించి, తొడుగు మీది నీళ్లు తుడిచాడు. మడత ఒకసారి అరచేత్తో తడిమి చూసుకున్నాడు.

“ఏమప్పా సుధాకర్, నా ఫోను నీళ్లపాలాయె. నీది ఒకసారి ఇస్తావా?”

కాలరు చీటీ మీది నంబరు చూసి నొక్కాడు. వీపు నిటారైంది.

“సార్, కోటుకేం కాలేదు, కొంచెం లేటయితాది. వంకలో బస్సు ఇరుక్కుండె. అందరూ గట్టెక్కినారు. మీరు చెప్పిండే మాదిరే చేసినా సార్.”

ఇంత పెద్దాయన కూడా ‘సార్’ అని భయపడేవాళ్లుంటారా అని నోరు తెరుచుకుని వింటోంది అనసూయమ్మ. కొత్త నంబరు కదా, ఎవరు మాట్లాడేదని అవతల అడిగినట్టున్నారు.

“ఇస్త్రీ కుళ్లాయప్పను సార్.”