అందరూ అనొద్దు

మేపుల్ చెట్ల నడుమ చెరువులో ఎన్నికల ఫలితాలొచ్చాయి. ప్రతి రేవులోనూ బాతులకు ఓట్లు పడ్డాయి గానీ, గెలిచింది రెల్లు రేవు ఒక్కటే. మిగతావన్నీ చెట్లు కొరికి నీళ్లకు కట్టలు కట్టే బీవర్లు ఊడ్చేశాయి.

మొదటి సభనాడు ఎదుటి ఒడ్డున నల్లముక్కు బాతు ఒక్కతే కూర్చుంది. చలిగాలి ఈడ్చి కొడుతోంది.

"ఒక్కదానివి అక్కడేం చేస్తావమ్మా? ఇటొచ్చి కూర్చో, వెచ్చగా ఉంటుంది," అన్నాడు బీవర్ల పెద్ద పలకతోక.

"మా రేవువాళ్లు నన్ను పంపింది చలి కాచుకోడానికి కాదు."

పలకతోక నవ్వేసి, కట్ట ఇంకా ఎత్తు లేపుదామన్నాడు. లేపితే రెల్లులోని బాతుల గూళ్లన్నీ మునిగిపోతాయి. సరేననడానికి తోకతో నీళ్లు చరచడం బీవర్ల పద్ధతి. చెరువంతా దద్దరిల్లింది.

"అందరూ ఒప్పుకున్నారు కాబట్టి..."

"అందరూ అనొద్దు," అంది నల్లముక్కు. "నేనున్నాను."

"నువ్వొక్కదానివేగా. కట్ట ఎలాగూ లేస్తుంది."

"ఎలా లేస్తుందో చూస్తాను. ముందు ఆ మాట దిద్దుకోండి."

పలకతోక వినిపించుకోకుండా మళ్లీ "అందరూ" అన్నాడు. ఎదుటి ఒడ్డు నుంచి మళ్లీ "కాదు" అని వినబడింది. చివరికి గొంతు సవరించుకుని, "చాలామంది ఒప్పుకున్నారు. ఇంకోసారి చరవండి," అన్నాడు.

ఆ మాట వినగానే, వెనక వరసలో ఒక ముసలి బీవర్ ఎత్తిన తోకను మెల్లగా దించేసుకుంది.