పదమూడు సార్లు చూసిన సినిమా

"ఇప్పీరా బాబూ! గుంటలు మద్దేనం నుంచీ జాగా కాసుకుని కూకున్నారు."

వరమ్మ టార్పాలిన్ అంచు పట్టుకుని గుంజింది. దుర్గ్ పక్కన ఖుర్సీపార్ గ్రౌండులో రెండు వెదురు బొంగుల మధ్య తెల్లగుడ్డ తెర కట్టి ఉంది. దాని వెనక, ఈ చివర నుంచి ఆ చివరికి, లారీ టార్పాలిన్ కడుతున్నాడు గోపాలం. తెర ముందు తెలుగు సంఘం సభ్యుల కుర్చీలు. తెర వెనక, కటిక నేల మీద, సభ్యులు కానివాళ్ళు, వాళ్ళ పిల్లలు. కాంట్రాక్టరు పరంధామయ్య ఆ ఏడాది పనులు సగం ఆపేశాడు. దాంతో చందా కట్టలేక సంఘంలో సగం మంది ముందు నుంచి వెనక్కి వచ్చారు. ఇటుకలు మోసే పని పోయిన వరమ్మ వాళ్ళలో ఒకతి.

"ఎవలు కట్టమన్నార్రా?"

"పెసిడెంటు గారే అత్తా. నన్నేటి సెయ్యమంటావు? ఆరి లారీ మీదే కదా నాను బతుకుతున్నది."

సంఘం ప్రెసిడెంటు పరంధామయ్యే. ఆయన అప్పుడే దిగాడు. తెల్లపంచె, భుజం మీద జరీ కండువా. వెనకే సెక్రటరీ వాసుదేవరావు, ప్రెసిడెంటు గారి పేము కుర్చీ మోసుకుంటూ.

"వరమ్మా, టార్పాలిన్ మీద చెయ్యి తియ్యి."

"బాబూ, పెద్దోలం మేం లేచి ఎల్లిపోతాం. గుంటల్ని సూడనీండి. పిల్లల సినిమాయే కదా."

"పిల్లల సినిమా కాదు, కుటుంబ చిత్రం. మర్యాద గల కుటుంబాలు ముందు కూర్చుని చూస్తాయి. వెనక నుంచి చూడటం దొంగతనం."

"ఏటి దొంగతనం? ఇటేపు నుంచి సరీగ్గా కనిపిస్తదేటి? అచ్చరాలన్నీ తిరగబడే ఉంటాయి. మా గుంటలకి హిందీ బడే గానీ తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. మొన్నటి సినిమాలో పంతులు ఎడం సేత్తో హారతిచ్చాడు. అదే కళ్ళకద్దుకున్నాం."

జనం గొల్లుమన్నారు. పరంధామయ్య ఇదేమీ వినలేదు. దొంగతనం అన్న మాట అనేసి ఆయన మైకు వైపు నడిచిపోయాడు. గోపాలం ఆఖరి ముడి వేశాడు.

మనవరాలు ఛాయ వరమ్మ చీర కుచ్చెళ్ళు లాగింది. "అమ్మమ్మా, హమ్ నహీ దేఖేంగే?"

"దేఖేంగే, సూద్దాం, ఉండవే," అంది వరమ్మ. ఎలాగో ఆమెకీ తెలియదు.

అవతల మైకు గరగరలాడింది.

"ఈ సినిమా నా ప్రాణం," అన్నాడు పరంధామయ్య. "కరువు రోజుల్లో ఇద్దరు అన్నాచెల్లెళ్ళ కథ. నా చిన్నతనాన్నే తెర మీద పెట్టారు. మా పార్వతీపురం డేరా టాకీసులో పదమూడు సార్లు చూశాను. పదమూడు సార్లూ కుర్చీ క్లాసులోనే. గంజి తాగే రోజుల్లో కూడా మా నాన్న నన్ను నేల మీద కూర్చోనివ్వలేదు. అన్న తన ఆఖరి ముద్ద చెల్లెలికి పెట్టే ఘట్టం ఒకటి వస్తుంది. ఆడవాళ్ళు కొంగులు సిద్ధంగా పెట్టుకోండి."

గంజి తాగేవాళ్ళకి కుర్చీ క్లాసు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళు టార్పాలిన్ వెనక ఉన్నారు.

లైట్లు ఆరాయి. దుర్గ్ నుంచి వచ్చిన ఆపరేటర్ శ్యామసుందర్ మిషన్ తిప్పాడు. పేర్లు పడుతుంటే వాసుదేవరావు అన్నీ పైకి చదివాడు. ఆయనకి చదువొచ్చని నలుగురికీ తెలియాలి. ప్రెసిడెంటు గారు ఆ సమయంలో కండువా నలగకుండా కుర్చీలో సర్దుకునే పనిలో ఉన్నారు.

సర్దుకున్నా కుదురు లేదు.

"వాసుదేవరావ్, ఆ పాక అటు పక్కన ఉండాలి కదయ్యా?"

"ఏమోనండి. నేను మొదటిసారి చూడటం."

"నుయ్యి కూడా అటే ఉండాలి." పరంధామయ్య మెడ ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ వంచి చూశాడు. వెనక వరసలోవాళ్ళు ఆయన అప్పుడే ఏడుస్తున్నాడనుకున్నారు. వాళ్ళూ మొదలుపెట్టారు.

టార్పాలిన్ వెనక పిల్లలు చీకట్లో చెవులు రిక్కించి కూర్చున్నారు.

"ఏడుపు ఇనిపిస్తంది," అంది వరమ్మ. "ఏడిసే మొకం మాత్రం కనపడదు. ఇదేటి సినిమావే, రేడియో."

తెర మీద కరువు ముదిరింది. కుండ అడుగున ఒక్క ముద్ద మిగిలింది. అన్న దాన్ని కుడి చేత్తో తీశాడు. చెల్లెలు నోరు తెరిచింది. ఆడవాళ్ళు కొంగులు ఎత్తారు.

పరంధామయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఆపు! మిషన్ ఆపు!"

మిషన్ ఆగింది. ముద్ద చెల్లెలి నోటిదాకా వచ్చి మాయమైంది.

"రీలు తిరగేసి ఎక్కించాడు వెధవ!"

"సీధా హీ హై సాబ్," అన్నాడు శ్యామసుందర్, రీలు తిన్నగానే ఉందని చూపిస్తూ.

"ఏం సీధా? ఆ కుర్రాడు ముద్ద పెట్టాల్సింది ఎడం చేత్తో! పదమూడు సార్లు చూసినవాణ్ణి, నాకు చెప్తావా?"

వాసుదేవరావు గొంతు తగ్గించాడు. "పేర్లు సరిగ్గానే పడ్డాయండీ. నేనే చదివాను. అయినా చెల్లెలికి ఎడం చేత్తో అన్నం ఎవరు పెడతారండీ?"

"వాడు పెడతాడయ్యా! నా కళ్ళతో చూశాను!"

ముందు వరస వెనక వరస వైపు చూసింది. అప్పుడు తెర అవతల నుంచి, చీకట్లోంచి, వరమ్మ గొంతు వినబడింది.

"ఒరే గోపాలం, ఈ టార్పాలిన్ ఇప్పీరా. గుంటలూ, కూసింత సర్దుకోండి, పెసిడెంటు బాబు ఆరి పాత జాగాకి వత్తన్నారు!"