గోడ వినని పచ్చడి

గోడలకు చెవులుంటాయన్న మాట సామెత పోయి చట్టమై అప్పటికి ఇరవై ఏళ్లు. ఇంటి గోడ విన్నదే కోర్టులో సాక్ష్యం. భార్య సుభాషిణిని కొట్టినందుకు గోవర్ధన్‌కు రెండేళ్ల శిక్ష పడింది కూడా గోడ మాట మీదే. అతను పైకోర్టులో అప్పీలు చేసుకున్నాడు.

పైకోర్టు వాళ్ల పదకొండేళ్ల కాపురంలో గోడ విన్న రికార్డు వేయించి వింది. ఒక్క రోజు తప్ప మొత్తం మిక్సీ హోరే.

"రోజూ కొట్టేవాడంటున్నావు. మిగతా రోజుల్లో పచ్చడి చప్పుడు తప్ప ఏముందమ్మా?" అన్నాడు జడ్జి.

"పక్కింటివాళ్లకి వినపడితే పరువు పోతుందని నేనే మిక్సీ వేసేదాన్నండీ," అంది సుభాషిణి తల దించుకుని. "ఆ ఒక్క రోజు కరెంటు పోయింది. గోడకి బ్యాటరీ ఉంది కదండీ, అది వినేసింది."

గోడ వినని దెబ్బ చట్టానికి తగలదు. పదకొండేళ్లలో ఒక్కసారి చెయ్యి చేసుకోవడం పొరపాటే గానీ నేరం కాదని శిక్ష కొట్టేశారు. చక్కగా కాపురం చేసుకోమని దీవించి మరీ పంపారు.

ఇంటికి రాగానే గోవర్ధన్ తీరిగ్గా చెప్పులు విప్పి, తలుపు గడియ పెట్టాడు. వంటింట్లోకి వెళ్లి, ఖాళీ జార్ బిగించి, ఈసారి మిక్సీ తనే వేశాడు.