తీతువు తిప్పిన దారి

పట్నం చెరువు చుట్టూ మనుషులు షికారు చేసే గులకరాళ్ళ దారి. దాని మధ్యలో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది.

"నడిచే దారిలో పెడతారటే?" అని ముసలి తాబేలు కసిరింది.

"రాళ్ళలాగే ఉన్నాయి తాతా, ఎవరికీ కనబడవు."

"కనబడకపోతేనే కదే తొక్కేది! ఈ మనుషుల్ని నమ్మకు. నా డిప్ప మీద రాయేసింది వీళ్ళే."

అంతలో ఒక కుటుంబం వచ్చింది. తీతువు రెక్కలు చాచి అరిచింది. ముందు నడిచే చిన్నపిల్ల ఆగి, వంగి, "అమ్మా, గుడ్లు!" అంది. అక్కడొక పుల్ల గుచ్చి, అందరూ గడ్డిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళారు. వెనక వచ్చినవాళ్ళూ పుల్లను చూసి అటే తిరిగారు.

గుడ్లు పిల్లలయ్యేసరికి గడ్డిలో కొత్త దారి పడింది.

తాబేలు దాని చివరిదాకా నడిచి చూసింది.

"రాయి సంగతి చచ్చినా మరవను," అంది. "ఈ వంపుకి మాత్రం వంక పెట్టలేను."