సన్నతోక పిల్ల

జన్యువులు దిద్దించి తన గొర్రెలన్నిటికీ లావు తోకలు తెప్పించాక కురుమ కొమురెల్లి ఎండాకాలం మేతకోసం మందను తోలుకుని గోదారి దాకా వలసపోవడం మానేశాడు. మేత లేకపోయినా తోకలోని కొవ్వే కరిగి వాటిని బతికిస్తుంది. ఆయన కాళ్లే ఊరుకోవు. దొడ్డి చుట్టూ తిరిగి తిరిగి బాట పడింది.

ఈ ఏడు, పాత జన్యువు ఎక్కడ దాక్కుందో గాని, ఒక గొర్రె సన్నతోక పిల్లను ఈనింది. పాలు మానగానే అది ఆకలికి తడికను కుమ్మసాగింది.

"ఈడుంటే సస్తది," అన్నాడు కొమురెల్లి.

"కోస్తే అయిపాయె గద," అంది భార్య లచ్చవ్వ.

ఆయన దండెం మీది గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఒక్క పిల్లకోసం గోదారి దాకా నడుస్తవా? మరి మంద?"

"మందకు నాతోని ఏం పని?"

తడిక తీయగానే పిల్ల ఉరికింది. దొడ్డిలోని గొర్రెలన్నీ లేచి, తోకలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వాళ్ల వెంట నడిచి, మళ్లీ కూలబడ్డాయి.