నలిగిన గడ్డి

ఊరుమ్మడి బీడులో మళ్ళీ ఎవరో దూరారు.

గడ్డి ఎదగాలని ఏటా ఆ బీడును రెండు నెలలు మూసేస్తారు. తెరిచాక ఊళ్ళో పశువులన్నిటికీ అదే మేత. మూసిన రోజుల్లో ఎవరు అడుగుపెట్టినా ఆ ఏడాదికి వాళ్ళ పశువుకు అక్కడ చోటు లేదు.

"కొడవలి పడలేదు, గొడ్డూ దూరలేదు," అన్నాడు కాపలాదారు, ఊరిపెద్ద అరుగు ముందు నిలబడి. "మధ్యాహ్నం నేను అన్నానికెళ్ళి వచ్చేసరికి మిట్ట వెనక గడ్డి నలిగి ఉంటోంది. సరిగ్గా ఇద్దరు కూర్చున్నంత మేర. వరసగా నాలుగు రోజుల్నించి!"

ఇద్దరు అనగానే అందరి కళ్ళూ ఊరిపెద్ద చిన్నకొడుకు మీదా, పెళ్ళై నెలైనా నిండని కోడలి మీదా వాలాయి. ఆ ఇంట్లో పద్నాలుగు మంది. కొత్త జంట రెండు ముక్కలు మాట్లాడుకోవాలంటే పెరట్లో బట్టలారేసే వంక తప్ప గతిలేదు.

"మేం కాదు మావయ్యా, ఒట్టు!" అంది కోడలు.

"మరి ఆ సిగ్గెందుకమ్మా?" ఎవరో అందుకున్నారు. అరుగంతా నవ్వులు.

ఊరిపెద్ద మాత్రం నవ్వలేదు. "నా కొడుకైనా ఒకటే, పరాయివాడైనా ఒకటే. మీ ఆవు ఈ ఏడు కొట్టం దాటదు."

కోడలు కొట్టం వైపు చూసింది. దూడప్పట్నుంచి తన చేత్తో పెంచి, పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న ఆవు, ఇప్పుడు చూడిది. ఇంటి గడ్డివామేమో అడుగంటింది.

మర్నాడు మధ్యాహ్నం మొగుణ్ణి చెయ్యిపట్టి లాక్కెళ్ళింది. "దొంగల్ని మనమే పట్టుకుందాం పదండి."

"మనం దూరినా తప్పేనే!"

"శిక్ష ముందే పడిందిగా. తప్పు ఇప్పుడు చేద్దాం!"

ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ మిట్ట దాకా వెళ్ళారు. గడ్డిపోచలు బుగ్గలకు తగులుతుంటే ఆమెకు నవ్వాగలేదు. అతను గబుక్కున ఆమె నోరు మూశాడు. ఇంత చక్కని చోటు ఇన్నాళ్ళూ తమకెందుకు తట్టలేదా అని ఇద్దరికీ లోలోపల కాస్త కుళ్ళుగానే ఉంది.

మిట్ట అవతల గాజులు గలగలమన్నాయి. "ఇంక చాలు, లేవండి. పాపం, ఆ పిల్లల్ని తలుచుకుంటే..." అంటోంది ఒక ఆడగొంతు.

"దొంగలెవరో నిన్న అరుగు మీద నేనే తేల్చేశానా, ఇంక మన జోలికెవరొస్తారే? నువ్వు హాయిగా ఆ తెల్లవెంట్రుకలు పీకు ముసలీ," అంది మామగారి గొంతు.